ఇంచి ధరకు పోయిన మనిషి

తిరువళ్ళూరు చుట్టుపక్కల ఫోటో స్టూడియో నడిపేవాళ్ళలో కంప్యూటరు మానిటరును ఇంచి లెక్కన బేరమాడి కొన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది గర్వంగానే చెబుతున్నాను. ఇరవై ఏడు ఇంచీలది ముప్పై నాలుగు వేలు అన్నారు. ముప్పై రెండు ఇంచీలది పదిహేడు వేలు అన్నారు. నేను ఫోను తీసి భాగించాను. మొదటిది ఇంచికి పన్నెండు వందల యాభై తొమ్మిది. రెండోదాన్ని గంటసేపు కూర్చుని పద్నాలుగున్నర వేలకు దించాను. అంటే ఇంచికి నాలుగు వందల యాభై మూడు. పైగా ఒక కీబోర్డు, ఒక మౌసు, మౌసు కింద వేసుకునే రబ్బరు ముక్క ఊరికే. కొట్టువాడు బిల్లు రాస్తూ "ఉంగళిట్ట ముడియల సార్" అని, మీతో మావల్ల కాదని తమిళంలో చేతులెత్తేశాడు.

మా నాన్నది బజారు వీధిలో పాత్రల కొట్టు. మేనమామలిద్దరివీ బట్టల కొట్లు. పాత్రకు తూకం, గుడ్డకు గజం. కంటికి కనిపించిన దేన్నయినా ఏదో ఒక కొలతతో భాగించి ధర తేల్చే విద్య మాకు పాలతో పాటే పట్టేస్తారు. పెద్ద అండా కొంటే చిన్న గిన్నె కంటే కిలో ధర తగ్గాలి, తగ్గకపోతే అమ్మేవాడు దొంగ. ఈ న్యాయం మానిటరుకు ఎందుకు చెల్లదో ఆ రోజు నాకు తోచలేదు. తోచకపోవడానికి వీల్లేదు కూడా, ఎందుకంటే పక్కనే నిలబడి ఒక మనిషి చెబుతూనే ఉన్నాడు. నేను భాగహారంలో ఉన్నాను.

ఆ మనిషి పోయిన నెల చనిపోయాడు.

మా దగ్గర ఎవరైనా పోతే వీధి మలుపులో కన్నీటి అంజలి ఫ్లెక్సు కట్టాలి. ఫ్లెక్సుకు ఫోటో కావాలి. ఆయన భార్య తిరుత్తణి నుంచి లోకల్ రైల్లో వచ్చి, నా స్టూడియో మెట్ల దగ్గర చెప్పులు విడిచి, "ఇంట్లో ఒక్క ఫోటో కూడా సరిగా లేదు, నీకాడ ఏమన్నా ఉండాదా అయ్యా" అని అడిగింది. నాకంటే పెద్దవాడైన ఆయన్ను నేను అన్నా అని పిలిచేవాణ్ణి, అందుకని ఆమెను వదినా అన్నాను. ఆమె మాత్రం నన్ను అయ్యా అనే అంది.

కంప్యూటరులో వెతికితే దాదాపు మూడు వందలు దొరికాయి. ఒక్కటీ ఆయన కోసం తీసింది కాదు. ప్రతి పెళ్ళికి ముందు, ప్రతి చీర ఫోటోకు ముందు లైటు సరిచూసుకోవడానికి ఒక బూడిద రంగు అట్టను ఎవరైనా గడ్డం కింద పట్టుకుని నిలబడాలి. ఆ నిలబడే మనిషి ఎప్పుడూ ఆయనే. మూడు వందల ఫోటోల్లోనూ అదే అట్ట, అదే తెల్ల చొక్కా, అదే చిటపటలాడే ముఖం, త్వరగా నొక్కు అన్నట్టు ఒక పక్కకు లాగిన పెదవి. ఆమె ఒక్కొక్కటీ జరుపుతూ చాలాసేపు చూసింది. నేను కాస్త నవ్వినట్టున్నది ఏదైనా ఉందేమోనని వెతుకుతుంటే నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"నగినది వద్దు. కోపంగా ఉండేదే పెట్టు. ఊరోళ్ళు గుర్తుపట్టల్ల గదా."

ఆయన్ను అందరూ టచ్చింగన్న అనేవారు. ఫిల్ము రోజుల్లో నెగటివు మీద సన్న పెన్సిలుతో మచ్చలు, మొటిమలు సరిచేసే పనికి టచ్చింగు అని పేరు. పెన్సిలు పోయి కంప్యూటరు వచ్చినా పేరు అలాగే ఉండిపోయింది. వాళ్ళ నాన్న తిరుత్తణి అవతల నేత ఊళ్ళో నూలుకు రంగులు అద్దేవాడట. ఆ సంగతి ఆయన నాకు చెప్పింది ఒక్కసారే, అదీ నన్ను తిట్టడానికి. నేను ఒక చీరను చూసి బులుగు అన్నాను. "బులుగు అనేది రంగు గాదు ముదలాళీ, బద్ధకం. మా నాయన కాడ బులుగులు పద్నాలుగు ఉండె" అన్నాడు. ముదలాళి అంటే యజమాని. జీతం ఇచ్చేవాణ్ణి కాబట్టి అలా పిలిచేవాడు. ఆయన నోట ఆ మాట విన్న ఎవరికీ అందులో మర్యాద ఉందని అనిపించదు.

పొద్దున్న పదిలోపు రైలు దిగి వచ్చేవాడు. వచ్చీ రాగానే కంప్యూటరు ముందు కూర్చునేవాడు కాదు. కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, తుడుచుకోకుండా, ఏమీ లేని తెల్లగోడ వైపు చూస్తూ నిలబడేవాడు. బయట ఎండలో చూసిన రంగులన్నీ కంట్లోంచి దిగాలట. ఒకరోజు గడియారం పెట్టి చూశాను, పన్నెండు నిమిషాలు. జీతం ఇచ్చేవాడికి పన్నెండు నిమిషాలు గోడను చూసే మనిషిని చూస్తే ఎలా ఉంటుందో వ్యాపారం చేసినవాళ్ళకు తెలుస్తుంది. నెలకు ఎన్ని గంటలు అవుతాయో కూడా నేను లెక్క కట్టాను. ఆ లెక్క ఇక్కడ రాయను, సిగ్గు.

తర్వాత కర్టెను వేసేవాడు. ట్యూబులైటు ఆపేవాడు. ఆయన గదిలోకి రంగుచొక్కా వేసుకుని ఎవరూ వెళ్ళకూడదు, ఆ రంగు స్క్రీను మీద పడుతుంది. నాకు ఎర్ర చొక్కాలు ఇష్టం. నా సొంత స్టూడియోలో, నేను అద్దె కట్టే గది గుమ్మం బయట నిలబడి, తల మాత్రం లోపలికి పెట్టి నా పనివాడితో మాట్లాడిన రోజులు ఎన్నో.

"అన్నా, ఆ ఊత్తుకోట పెండ్లి ఆల్బమ్ ఎప్పటికి అయితుంది?"

"నువ్వు ఆ చొక్కా విప్పినాక."

పెళ్ళికూతురి తల్లులతో ఆయనకు నెలకు నాలుగు తగాదాలు. తిరుత్తణి కొండ మీద ముహూర్తాలున్న నెలల్లో ఎనిమిది. వచ్చిన ప్రతి తల్లీ ఒకటే అడుగుతుంది, పిల్లను కాస్త తెల్లగా చెయ్యమని. మిగతా స్టూడియోల్లో అడక్కుండానే చేస్తారు. ముఖాలన్నీ ఒకే పిండి ముద్దలోంచి తీసినట్టు ఉంటాయి. మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు, చేతులు ఇంకెవరివో. ఆయన మాత్రం మౌసు మీదినుంచి చెయ్యి తీసేసి, కుర్చీ వెనక్కి జరిపేవాడు.

"పాపకి ఈ రంగుతోనే గదమ్మా పెండ్లి కుదిరింది? మాపిళ్ళ చూసినాడు గదా, చూసే గదా ఒప్పుకున్నాడు? మళ్ళ ఎవురికి చూపించను తెల్లగ చేస్తావు?"

"అందరూ చేస్తాండారు గదన్నా. నువ్వొక్కడివే ఏమో పెద్ద."

"అందరికాడికి పో. నేను మొగానికి సున్నం కొట్టను."

ఆ తల్లి కోపంగా నా దగ్గరికి వస్తుంది. నేను ఆమెకు టీ తెప్పించి, రెండు ఫోటోలు ఎక్కువ ఇస్తానని చెప్పి, ఆయనకు తెలియకుండా ముఖాలు నేనే తెల్లగా చేసి ప్రింటుకు పంపేవాణ్ణి. నా పని ఎంత దరిద్రంగా ఉండేదంటే, ఒకసారి పెళ్ళికూతురి ముక్కుపుడక కూడా తెల్లబడి మాయమైంది. ఆల్బమ్ వచ్చాక ఆయన మొదటి పేజీ తెరిచి, మూసి, నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పని బాగా జరుగుతుంది కదా అని నేను సంతోషించాను.

ఇన్నేళ్ళలో ఆయన నన్ను అడిగింది ఒక్కటే వస్తువు. మంచి మానిటరు.

అప్పటిదాకా ఉన్నది పాతది, చిన్నది. దాని లోపాలన్నీ ఆయనకు బట్టీ. ఎరుపు ఎంత ఎక్కువ చూపిస్తుందో, ఎంత తగ్గించుకుని చూడాలో తెలుసు కాబట్టి దానితోనే తప్పులేకుండా నెట్టుకొచ్చాడు. ఆ ఏడాది పెళ్ళిళ్ళ కంటే చీరల పని ఎక్కువ రావడం మొదలైంది. పొదటూరుపేట వైపు నేతవాళ్ళు ఫోనులో గ్రూపులు పెట్టి చీరలు నేరుగా అమ్ముకుంటున్నారు. దానికి ఫోటోలు కావాలి. పెళ్ళి ఫోటోలో రంగు కాస్త మారితే తల్లి సంతోషిస్తుంది. చీర ఫోటోలో రంగు మారితే చీర తిరిగి వస్తుంది. ఈలోగా పాత మానిటరు మీద అడ్డంగా ఒక గీత పడింది. ఇక తప్పక ఇద్దరం తిరువళ్ళూరులోనే ఒక కంప్యూటరు కొట్టుకు వెళ్ళాం. ఆ కొట్టు పేరు ఎందుకు, దాని తప్పేమీ లేదు.

ఆయన చేతిసంచిలోంచి ఒక చీర కొంగు ముక్క తీశాడు. నెమలికంఠం రంగు, సన్న గళ్ళు. దాని ఫోటో పెన్‌డ్రైవులో తెచ్చాడు. కొట్టులో ప్రతి స్క్రీను మీదా ఒక చిలక ఎగురుతూ ఉంది. ఎర్ర ముక్కు, పచ్చ రెక్కలు, కళ్ళు చెదిరిపోతున్నాయి.

"ఈ చిలక నాకెందుకు నాయనా," అన్నాడు ఆయన, "బూడిద రంగు చూపించు."

అమ్మే కుర్రవాడికి అర్థం కాలేదు. బూడిద రంగు చూసి మానిటరు కొనేవాళ్ళు వాడికి ఎప్పుడూ తగల్లేదు. ఆయనే వంగి మౌసు తీసుకుని, నలుపు నుంచి తెలుపు దాకా వరసగా బూడిద మెట్లు పెట్టుకుని, ఒక్కొక్క స్క్రీను ముందు ఎదురుగా ఒకసారి, కుడిపక్క నుంచి ఒకసారి, ఎడమపక్క నుంచి ఒకసారి చూశాడు. పక్కకు జరిగితే రంగు మారేవాటిని చేత్తో తోసేశాడు. అద్దంలా మెరిసేవాటిని తోసేశాడు. "దీంట్లో నా మొగం కనపడతాంది. నా మొగం చూసేకా జీతం తీసుకుంటాండేది?" తర్వాత తన ఫోటో పెట్టి, కొంగు ముక్కను పట్టుకుని కొట్టు గుమ్మం దాకా వెళ్ళి వెలుతురులో చూసి వచ్చాడు. చీర కొనే ఆడవాళ్ళు బట్టల కొట్లో చేసేదే అది. మా మామల కొట్లో రోజుకు వందసార్లు చూశాను. ఈ కొట్టువాడు మాత్రం ఏసీ పోతుంది, తలుపు ముయ్యమన్నాడు. ఆయన తలుపు తెరిచే ఉంచి మళ్ళీ వెళ్ళాడు.

చివరికి ఆ ఇరవై ఏడు ఇంచీల దాని ముందు ఆగాడు. ఫోర్ కె అన్నారు, చుక్కలు నాలుగింతలు అన్నారు. ఆయన ముక్కు స్క్రీనుకు ఆనేంత దగ్గరికి వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచినప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. ఆ ముఖం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

"ముదలాళీ, పోగు కనపడతాంది చూడు. నిలువు పోగు నీలం, అడ్డ పోగు పచ్చ. రెండూ వేరేగా కనపడతాండాయి."

నేను ఏం చేశానో మొదటే చెప్పాను. ఫోను తీసి భాగించాను.

ముప్పై రెండు ఇంచీల దాని మీద అదే ఫోటో పెట్టించాను. ఆయన ఒక్క క్షణం చూసి, "ఇది ముద్ద" అన్నాడు. "పోగు లేదు. గళ్ళు ఈదుతాండాయి, నీళ్ళల్లో చేపల మాదిరి."

"అన్నా, పెద్దది గదా. కొంచెం దూరం జరిగి కూర్చుంటే సరిపోతుంది."

"దూరంగా కూర్చోని చూసేకి ఇదేమన్నా సినిమానా?"

"నాలుగు రోజులు పోతే అలవాటైపోతుంది అన్నా."

"అలవాటైతేనే కష్టం," అన్నాడు.

ఇంటికి వచ్చే దారిలో ఆటోలో ఆ పెట్టె మా ఇద్దరి మధ్య ఉంది. పందొమ్మిదిన్నర వేలు మిగిల్చానని నేను ముగ్గురికి ఫోన్ చేసి చెప్పుకున్నాను. ఆయన కొంగు ముక్కను మడిచి సంచిలో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడే చెప్పాడు, "ఇది అబద్ధం చెప్తాది" అని. ఆ వారంలో ఇంకో మూడుసార్లు చెప్పాడు. వంకాయ రంగును నీలంగా చూపిస్తోందని, తను ఎరుపు కలపాల్సి వస్తోందని, ఎంత కలపాలో తెలియడం లేదని. ఒక్కొక్క చీర పని అయ్యాక చీరను గుమ్మం దాకా తీసుకెళ్ళి చూసుకునేవాడు. తన ఫోనులో, నా ఫోనులో, టీకొట్టు ఆయన ఫోనులో పెట్టి చూసేవాడు. "మూడు ఫోన్లల్లో మూడు చీరలు. దేన్ని నమ్మల్ల?" అన్నాడు. వెళ్ళి మార్చుకుని వద్దాం, తేడా డబ్బు నెలనెలా నా జీతంలో తీసుకో అని కూడా అన్నాడు. బేరమాడి కొన్న సరుకును వెనక్కి ఇవ్వడం మా ఇంటా వంటా లేదు. రేపు చూద్దాం అన్నాను.

అప్పుడు పొదటూరుపేట నుంచి ఒక అక్క వచ్చింది. నాలుగు మగ్గాలు, భర్త లేడు. మొదటిసారి పెద్ద ఆర్డరు పట్టింది, నలభై చీరలు. ఫోటో చూసి డబ్బు పంపేవాళ్ళు, ముఖం తెలియనివాళ్ళు. ఆయన ఆ నలభైకి పదిరోజులు కూర్చున్నాడు. ఏ ఒక్కటీ తృప్తిగా ఇవ్వలేదు. తొందరపెట్టి లాక్కున్నది నేను.

ఇరవై రెండు చీరలు తిరిగి వచ్చాయి.

ఆమె రెండు పెద్ద సంచులు మోసుకుంటూ స్టూడియో మెట్లెక్కి, మా ఇద్దరి మధ్య నేల మీద దింపింది.

"ఏమన్నా ఇది? ఇటిక రంగని పెట్టినావు, వంకాయ రంగు చీర పంపిచ్చినావని ఫోన్ చేసి తిడతాండారు. దొంగది అంటాండారు నన్ను. నేను వాళ్ళని ఎట్ల నమ్మించేది?"

ఆయన సంచిలోంచి ఒక చీర తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. చూశాడు. వచ్చి స్క్రీను మీద దాని ఫోటో తెరిచాడు. "చీరలో తప్పు లేదమ్మా" అన్నాడు. అని నా వైపు తిరిగాడు.

నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. అన్న వద్దన్నా తక్కువకు వస్తుందని ఈ స్క్రీను నేనే కొన్నాను అక్కా అని. ఆయన నా కోసం ఆగాడు. నిజంగా ఆగాడు, ఒక నిమిషం దాకా. ఆ నిమిషంలో నాకు కనిపించింది ఆ అక్క వెనకాల ఉన్న ఊరు, ఆ ఊళ్ళో మగ్గాలు, వాళ్ళందరి ఫోటో పనీ చెయ్యి జారిపోవడం.

"అన్నకి వయసైపోయింది గదక్కా," అన్నాను. "కన్ను మందగించింది. నేనే గమనించకపోతి."

ఆమె అంతదాకా ఆయన్ను కోపంగా చూస్తోంది. కోపం ఆయనకు కొత్త కాదు, తట్టుకుంటాడు. ఈ మాట విని ఆమె ముఖం మెత్తబడింది. "అయ్యో అన్నా, ముందే చెప్పకూడదా. ఎవురైనా మంచి డాక్టరుకు చూపించుకో" అంది. ఆ జాలి ఆయన ముఖం మీద పడటం నేను చూశాను.

ఆయన స్క్రీను ఆపాడు. తన స్టీలు గ్లాసు సంచిలో పెట్టుకున్నాడు.

"ఆ మాట ఇంగొకసారి చెప్పు ముదలాళీ. నా మొగం చూసి చెప్పు."

నేను ఆపేసిన స్క్రీను వైపు చూశాను. అది మెరిసే రకం. అందులో నా ముఖమే ఉంది.

ఆయన వెళ్ళిపోయాక అక్కకు ఎడిటింగు చార్జీ ఆరు వేలు వాపసు ఇచ్చాను. నా మంచితనానికి ఆమె దండం పెట్టింది. ఆ తర్వాత పది రోజుల్లో ముగ్గురు స్టూడియోవాళ్ళు ఫోన్ చేశారు, ఇద్దరు తిరువళ్ళూరువాళ్ళు, ఒకరు తిరుత్తణి. టచ్చింగన్న పని అడుగుతున్నాడు, ఎందుకు మానిపించావని. ముగ్గురికీ అదే చెప్పాను. ఒకసారి చెప్పిన అబద్ధం రెండోసారి చెప్పడానికి ఎంత తేలికో, మూడోసారి దాన్ని బాధపడుతూ కూడా చెప్పొచ్చు. పాపం, మంచి పనివాడు, కన్ను పోయింది అన్నాను. కంటితో బతికే మనిషి గురించి.

ఎనిమిది నెలల తర్వాత కొత్తగా పెట్టుకున్న ఎడిటరు ఆ ముప్పై రెండు ఇంచీల ముందు కూర్చోనని మొండికేశాడు. అప్పుడు వెళ్ళి ఆ ఇరవై ఏడు ఇంచీలదే కొన్నాను. ముప్పై ఆరు అన్నారు, బేరమాడి రెండు వేలు తగ్గించాను. ఇది కూడా రాయాలి, రాయకపోతే నేను మారానని ఎవరైనా అనుకుంటారు. దాని మీద ఆయన చేసిన నలభై చీరలూ తెరిచి చూశాను. ప్రతిదానిలోనూ ఎరుపు ఎక్కువగా ఉంది, ఒకే కొలతలో. కన్ను మందగించినవాడు ఒకదానిలో ఎక్కువ, ఒకదానిలో తక్కువ కలుపుతాడు. ఇది చెయ్యి తప్పని మనిషి, తప్పుడు అద్దంలో చూసి చేసిన పని. పక్కన ఇంకెవరూ లేరు. నాకు ఆ రోజే తెలిసింది. తెలిసి, ఎవరికీ చెప్పకుండా రెండేళ్ళకు పైగా టిఫిను తిన్నాను, కాఫీ తాగాను, ఆల్బమ్‌లు అమ్మాను.

ఆయన్ను మళ్ళీ ఒక్కసారే చూశాను. తిరుత్తణిలో కొండ కింద ఒక కల్యాణమండపం దగ్గర బండ్లకు టోకెన్లు ఇస్తున్నాడు. మెడలో విజిలు, అదే తెల్ల చొక్కా. నేను కెమెరా సంచితో దిగాను. నా చొక్కా వైపు చూశాడు. ఎర్రదే. ఏమైనా అంటాడని నిలబడ్డాను. తిడితే బాగుండుననుకున్నాను. "బండి ఆ పక్కకి పెట్టు" అని టోకెను చేతిలో పెట్టి వెనక వచ్చే కారు దగ్గరికి వెళ్ళాడు. ముదలాళీ అని కూడా అనలేదు. ఆ రోజంతా ఆయన మీద నాకు ఒళ్ళు మండింది. తప్పు చేసింది నేను, మండింది ఆయన మీద. అట్లాంటివాణ్ణి నేను.

కోపంగా ఉన్న ఫోటో ఎంచుకున్నాక ఆయన భార్య తన సంచిలోంచి ఒక కాగితం తీసింది. ప్లాస్టిక్ అతికించి లామినేషన్ చేయించిన కాగితం. అంచులు నలిగి ఉన్నాయి.

"ఇది చదువు అయ్యా."

తిరువళ్ళూరు కంటి డాక్టరు రాసిచ్చింది. దూరపు చూపు బాగుంది, దగ్గరి చూపు అద్దాలతో బాగుంది, రంగులు గుర్తించడంలో లోపం లేదు. నా స్టూడియో వదిలిన పదిహేను రోజులకు రాయించుకున్నది.

"రంగులు తెలుస్తాయా లేదా అని చుక్కల పుస్తకం ఒకటి చూపిచ్చినారంట. ఆ పుస్తకం వెలిసిపోయిందని, అట్లాంటిది పెట్టుకోని జనానికి కండ్లు ఎట్ల చూస్తావని డాక్టరుతో కొట్లాడి వచ్చినాడు. వంద రూపాయలు పెట్టి దీనికి ప్లాస్టిక్ ఏయించినాడు. ఆ ముగ్గురి కాడికీ ఎత్తుకోని పోయినాడు. ఒక్కడన్నా చదివినాడా? నువ్వు చెప్పిందే చాలు అన్నారంట."

నేను కాగితం ఆమె చేతికి తిరిగి ఇచ్చాను.

"స్క్రీను తప్పని నీకు తెలుసునా, తెలీదా?"

"తెలుసు వదినా."

"ఎప్పుడు తెలిసె?"

"రెండేండ్లు దాటింది."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కుర్చీ ముందుకు జరుపుకుంది. "అయితే ఇప్పుడు ఫోన్ చేసి ఆ ముగ్గురికీ చెప్పు. నేను వింటా. సౌండు పెట్టు."

చేశాను. మొదటివాడు "ఓ, పోయినాడా, పాపం" అని, తర్వాత విషయం విని "సరే పో, ఇప్పుడు అవన్నీ ఎందుకు" అన్నాడు. రెండోవాడు ఏదో పెళ్ళిలో ఉన్నాడు, మేళం మోతలో నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు. రెండోసారి నేను అరిచి చెప్పాల్సి వచ్చింది, ఆయన కన్ను బాగుండింది, నేను అబద్ధం చెప్పాను అని. ఆఖరున తిరుత్తణివాడు ఎత్తాడు.

"ఒక్క మాట చెప్పింటే నేను పెట్టుకుంటుంటి గదన్నా," అన్నాడు. "ఎడిటరు దొరక్క నేను రెండేండ్లు అల్లాడిపోయినా. మా వాకిలి ముందరే టోకెన్లు ఇస్తాండె ఆ మనిషి."

ఆమె తల ఊపింది, లెక్క సరిపోయిందన్నట్టు. అక్కకు కూడా చెయ్యమంది. చేశాను. అక్క అంతా విని, "నేను ఆయన్ని డాక్టరు కాడికి పొమ్మంటి గదా" అని మాత్రం అంది, ఫోను పెట్టేసింది.

ఫోటోను పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాను. ముఖం మీద దేన్నీ ముట్టుకోలేదు. ఆమె దాన్ని కొంగు ముడిలో కట్టుకుని, "ఎంత?" అంది.

"వద్దు వదినా."

"సుమ్మా వద్దు, ఊరికే తీసుకోను. ఎంతో చెప్పు."

"అరవై."

"సరే. ఆఖరి నెల ఆయన జీతంలో ఆరు వేలు పట్టుకుంటివి గదా. పద్దెనిమిది ఇయ్యాల్సింది పన్నెండు ఇస్తివి. చీరలక్క చార్జీ అని."

ఇది నేను పైన రాయలేదు. రాయకుండా దాటేద్దామనే అనుకున్నాను. అక్క దండం పెట్టింది ఆ ఆరు వేలకే.

"మూడేండ్లయింది," అంది ఆమె. "నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకి ఎంత?"

"నూట ఇరవై."

"ముప్పై ఆరు నెలలకి?"

"నాలుగు వేల మూడు వందల ఇరవై."

"మొత్తం?"

"పదివేల మూడు వందల ఇరవై." ఆ తర్వాత నా నోరు దానంతట అదే, పుట్టి పెరిగిన కొట్టు అలవాటుతో, "పదివేలు చేసుకుందామా వదినా" అంది.

ఆమె చెయ్యి చాపి ఉంచింది.

ఆరు వేలు అసలు. నాలుగు వేల మూడు వందల ఇరవై వడ్డీ. అందులో ఫోటోకు అరవై పోను, పదివేల రెండు వందల అరవై. గల్లాపెట్టెలో ఉన్నది పదివేల రెండు వందలు. మిగతా అరవై జేబులోంచి తీసి ఇచ్చాను.